వాడికి శిక్ష సరే, ఆ బిడ్డ పక్కన ఎవరున్నారు?

2008 డిసెంబరులో ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసిన కేసులో నిందితులు ఎన్‌కౌంటర్‌లో చనిపోతే వరంగల్ ఊరంతా పోలీసులకు పూలదండలు వేసింది. 2019లో దిశ కేసు నిందితుల ఎన్‌కౌంటర్ తర్వాత రాష్ట్రమంతా అదే సంబరం చేసుకుంది. అదే ఏడాది హన్మకొండలో తొమ్మిది నెలల పసిపాప కేసులో రెండు నెలలు తిరక్కముందే ఉరిశిక్ష పడింది, తర్వాత హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది. ఇవన్నీ అందరికీ గుర్తున్నవే. ప్రతిసారీ మనం అడిగింది మాత్రం ఒకటే, వాడికేం శిక్ష అని. బతికి బయటపడ్డ ఆడపిల్లలు తెల్లారి నుంచి ఎట్లా బతుకుతున్నారో అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నేను చెప్పేది సూటిగా ఇదీ. లైంగిక హింసకు గురైన పిల్లకు అన్నిటికంటే ముందు కావాల్సింది ఆసుపత్రి నుంచి తీర్పు దాకా, ఆ తర్వాత కూడా, మారకుండా పక్కనుండే ఒక మనిషి. మన దగ్గర కొరతంతా అక్కడే ఉంది.

ఆసుపత్రి సంగతే చూడండి. వేసుకున్న బట్టలు సాక్ష్యం కింద సీల్ చేసి తీసుకుంటారు. ఆ పిల్ల మార్చుకోవడానికి ఇంకో జత ఎవరు తేవాలి? హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, 28 రోజులు ఒక్కపూటా తప్పకుండా వేసుకోవాలి. ఇంటికెళ్లాక మేనత్త "ఏం గోళీలు బిడ్డా అవి?" అని అడుగుతుంది. కడుపులో తిప్పుతుంది, వాంతులవుతాయి, వాడకట్టులో దానికి ఇంకో అర్థం తీస్తారు, ఆ భయానికి పిల్ల వారం తిరగ్గానే గోళీలు పక్కన పెట్టేస్తుంది. ఆ ఎనిమిదో రోజు ఫోన్ చేసి "తిన్నాక వేసుకో, తగ్గుతుంది, రేపు నేనొస్తా" అనే గొంతు కావాలి. కౌన్సెలింగ్ అంటే నా దృష్టిలో ముందు అదే, గదిలో కూర్చోబెట్టి ధైర్యం చెప్పి పంపడం దాని తర్వాత సంగతి.

చట్టంలో ఈ ఆలోచన లేకపోలేదు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం కింద 2020లో వచ్చిన నిబంధనల్లో సపోర్ట్ పర్సన్ అని స్పష్టంగా ఉంది. బాలల సంక్షేమ కమిటీ ఆ మనిషిని నియమించాలి, కేసు ఎక్కడిదాకా వచ్చిందో ఆ మనిషే కుటుంబానికి చెబుతుండాలి. తిండికి, బట్టలకు, ప్రయాణానికి తక్షణ సాయం అందాలని కమిటీ సిఫారసు చేస్తే వారంలోపు డబ్బు చేతికి రావాలి. సపోర్ట్ పర్సన్ల గురించి 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రత్యేకంగా ఆదేశాలిచ్చింది కూడా. పద్దెనిమిదేళ్లు దాటిన ఆడవాళ్లకు ఆ హక్కు కూడా లేదు.

హింసకు గురైన ఆడవాళ్లకు ఆసరా ఇచ్చే సఖి కేంద్రాలున్నాయి, భరోసా ఉంది, పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, ఆడవాళ్లకు 181, పిల్లలకు 1098 హెల్ప్‌లైన్లు ఉన్నాయి, ఇంకేం కావాలి అంటారు. ఉన్నాయి, వాటి వల్ల మేలు జరిగింది కూడా, కాదనను. 2016లో హైదరాబాద్‌లో మొదలైన భరోసా పోలీసును, డాక్టరును, లాయరును ఒకే కప్పు కిందికి తెచ్చింది. కానీ సఖిలో ఉండనిచ్చేది ఐదు రోజులు, అక్కడి కౌన్సెలర్లు కాంట్రాక్టు మనుషులు, కేసు నడిచేది మాత్రం ఏళ్లు. ములుగు జిల్లా ఏటూరునాగారం అవతలి గూడెంలో ఉన్న తల్లికి జిల్లా కేంద్రంలోని భవనం ఎంత దూరమో బస్సు కోసం నిలబడ్డవాళ్లను అడగండి.

వాయిదా రోజు ఇంకా ఘోరం. పోక్సో చట్టం పిల్ల సాక్ష్యం 30 రోజుల్లో తీసుకోవాలంటుంది, వీలైనంతవరకు ఏడాదిలో విచారణ ముగించాలంటుంది. కానీ మిర్చి ఏరే కూలి వదులుకుని తల్లీబిడ్డా పొద్దున్నే వస్తారు, కోర్టు వరండాలో ఎదురుగా నిందితుడి బంధువులు నిలబడి ఉంటారు, మధ్యాహ్నానికి వాయిదా పడిందంటారు. ఎందుకు పడిందో చెప్పే దిక్కుండదు.

ఇక్కడే మన ఎన్‌కౌంటర్ మోజు ఎంత నష్టం చేస్తుందో తెలుస్తుంది. జాతీయ నేర గణాంకాల్లో ఏటా కనిపించేదే, అత్యాచార కేసుల్లో పదికి తొమ్మిదికి పైగా నిందితులు తెలిసినవాళ్లే. పక్కింటివాడు, వరసకు చిన్నాయన, ట్యూషన్ సారు. ముక్కూమొహం తెలియనివాణ్ని కాల్చేయమని రోడ్డెక్కే ఊరే, చేసినవాడు సొంత కులపోడని తేలగానే పెద్దమనుషుల పంచాయితీ పెట్టి "పిల్ల పెళ్లి కావాలె గదా, ఇంతో అంతో తీసుకోండి" అంటుంది. ఇట్లాంటి కేసును రాజీ పేరుతో కొట్టేయడం కుదరదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. ఆ మాట ఆ రాత్రి పంచాయితీలో ఆ తండ్రి చెవిన వేసేదెవరు? ఆయనకు చుట్టాల ఒత్తిడి ఉంది, అప్పులున్నాయి, ఇంట్లో ఇంకో బిడ్డ ఉంది. పక్కన గట్టిగా ఒక్క మనిషి నిలబడితే ఆ కుటుంబం తట్టుకుంటుంది, లేకపోతే సాక్ష్యం తిరగబడుతుంది, మనం మళ్లీ చట్టం మెత్తగా ఉందని తిడతాం.

మండలానికి ఇద్దరిని పెట్టండి. అదే ఊరివాళ్లను వద్దు, మాట బయటికి పొక్కుతుంది, పక్క మండలం వాళ్లయితే మేలు. ములుగులో కోయ వచ్చినవాళ్లు, ఉట్నూరు, జైనూరు వైపు గోండి వచ్చినవాళ్లు కావాలి, ఎందుకంటే జరిగింది రాని భాషలో చెప్పమంటే ఏ పిల్లా చెప్పలేదు. జీతం నెలనెలా ఇవ్వండి, ఏడాదికోసారి మార్చకండి. జిల్లా సమీక్షల్లో ఎన్ని చార్జిషీట్లు వేశారని అడిగే కలెక్టర్లు, ఎమ్మెల్యేలు ఎంతమంది పిల్లలకు సపోర్ట్ పర్సన్‌ను ఇచ్చారు, వాళ్లలో ఎంతమంది తిరిగి బడికి పోతున్నారు అని కూడా అడగాలి, ఆ లెక్క మూడు నెలలకోసారి జనం ముందు పెట్టాలి.