ముందు రాజీనామా, తర్వాతే ఫిరంగి

1861లో అమెరికా సైన్యం నుంచి దాదాపు మూడొందల మంది అధికారులు ఉద్యోగం వదిలి, బానిసత్వం నడిచే దక్షిణాది రాష్ట్రాల తిరుగుబాటులో చేరారు. వాళ్లను ద్రోహులనే నోళ్లు ఇంకా ఉన్నాయి. ఎంత అన్యాయం! చాలామంది పద్ధతిగా రాజీనామా రాసిచ్చాకే కదా కాల్చింది?

రాబర్ట్ లీ సంగతే చూడండి. మార్చిలో లింకన్ ఇచ్చిన కల్నల్ ప్రమోషన్ పుచ్చుకున్నాడు. ఏప్రిల్ 20న రాజీనామా రాశాడు. సొంత రాష్ట్రం వర్జీనియాను కాపాడుకోవడానికి తప్ప మళ్లీ కత్తి దూయనన్నాడు. 23కల్లా వర్జీనియా సేనాపతిగా దూశాడు. విడిపోవాలా వద్దా అని వర్జీనియా జనం ఓటేసింది మే 23న. నెల ముందే ఫలితం పసిగట్టాడంటే ఏం దూరదృష్టి! అలా వర్జీనియాను కాపాడుకుంటూ కాపాడుకుంటూ 1863లో ఉత్తరాదిన పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ దాకా పోయాడు.

పుట్టిన గడ్డ రుణం అంటారు. నిజమే. శామ్యూల్ కూపర్ పుట్టింది ఉత్తరాదిన, భార్యది వర్జీనియా. పెంబర్టన్‌ది పెన్సిల్వేనియా, భార్యది మళ్లీ వర్జీనియానే. అత్తారి గడ్డ రుణమూ రుణమే కదా. వర్జీనియాలోనే పుట్టిన విన్‌ఫీల్డ్ స్కాట్, జార్జ్ థామస్‌లకు ఈ లెక్క ఎవరూ చెప్పినట్టు లేదు, పాత జెండా కిందే ఉండిపోయారు.

కూపర్ పాత సైన్యంలో అడ్జుటెంట్ జనరల్, అంటే ఆఫీసు వ్యవహారాల పెద్ద. తిరుగుబాటు సైన్యంలోనూ అడ్జుటెంట్ జనరలే. ఇది తిరుగుబాటా, ట్రాన్స్‌ఫరా? బ్యూరెగార్డ్ అయితే వెస్ట్ పాయింట్ సైనిక కళాశాల నుంచి ఇంటికి చేరిన దారిఖర్చుల కోసం వదిలేసిన సర్కారుకే టీఏ బిల్లు పెట్టాడు. ఆనక అదే సర్కారు సైన్యం ఉన్న సమ్టర్ కోట మీద ఫిరంగులు పేల్పించాడు. లోపలున్న మేజర్ అండర్సన్ తనకు ఫిరంగి విద్య నేర్పిన మాస్టారు. గురుదక్షిణ ఎగ్గొట్టాడని మాత్రం అనలేం.

జోసెఫ్ జాన్‌స్టన్‌ది మరీ కడుపుకోత. ఆశయం కోసం సర్వం వదిలి వస్తే, కొత్త సైన్యం సీనియారిటీ లిస్టులో నాలుగో స్థానమా? పాత సైన్యంలో తనకే పెద్ద ర్యాంకు ఉండేదని తిరుగుబాటు అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్‌కు చాంతాడంత ఉత్తరం రాశాడు. కాలదన్నుకున్న సర్వీసును లెక్కలో కలపమని!

దాదాపు 40 లక్షల మంది బానిసల ఊసు ఇక్కడెందుకు? నల్లవాడు తెల్లవాడికి సమానం కాదన్నదే మా పునాదిరాయి అని ఆ మార్చిలోనే తిరుగుబాటు ఉపాధ్యక్షుడు స్టీఫెన్స్ సభలో చెప్పేశాడు. మన అధికారులు ఆ రోజు పేపరు చూసి ఉండరు.

మామూలు సిపాయి ఒక్కడు కూడా జెండా వదిలిపోలేదని లింకన్ ఆ జులైలో మురిసిపోయాడు. సిపాయికి రాజీనామా హక్కే లేదు. వెళ్లిపోతే పారిపోయాడంటారు, ఆత్మసాక్షి అనరు. నెలకు 11 డాలర్ల జీతగాడు అంత ఖరీదైన సరుకు ఎక్కడ కొంటాడు!