మన వెనక రైలు లేదు

1841 జూలై 5న థామస్ కుక్ అనే ఇంగ్లండు పెద్దమనిషి సుమారు 500 మందిని లెస్టర్ నుంచి లఫ్‌బరోకు రైల్లో తీసుకెళ్లి, మద్యపాన వ్యతిరేక సభలో కూర్చోబెట్టి, అదే రోజు వెనక్కి తెచ్చాడు. ఆయన ఘనతను నేను కాదనను. కాకపోతే ఆ 500 మందిలో మా నాన్నగారు లేరు.

పొద్దున్నే బయలుదేరి నగరం చూసి రాత్రికి ఇల్లు చేరాలన్నది నాన్నగారి పథకం. టికెట్లన్నీ ఆయన చొక్కా జేబులో. పిల్లల చేతికిస్తే పోతాయట. పిల్లలంటే నేనూ, నలభై దాటిన మా అన్నయ్యా. భోజనం సంచీ అమ్మ దగ్గర. నాన్నగారి ఫోనూ అందులోనే. జేబులో పెట్టుకుంటే టికెట్లు నలుగుతాయని.

రైలు కదలగానే అన్నయ్య పిల్లలిద్దరికీ కిటికీ తగాదా వచ్చింది. వెనక పెట్టెల్లో ఖాళీ ఉందని విని అమ్మ, వదిన మనవరాలిని, సంచీని వెంటబెట్టుకుని లోపలి దారినే నడిచి వెళ్లిపోయారు. మాకు ప్రాణం హాయిగా ఉంది.

కొన్ని రైళ్లు బయలుదేరేటప్పుడు ఒకటి, దారిలో రెండు. జంక్షనులో పెట్టెలను కలిపే కప్లింగ్ విప్పి, వెనక సగానికి వేరే ఇంజను తగిలించి, వేరే ఊరికి పంపుతారు. ఏ పెట్టె ఎక్కడికో బయట పలక మీద రాసే ఉంటుంది. మేమెక్కిన పెట్టె పలకను నాన్నగారు రెండుసార్లు పైకి చదివారు కూడా. లోపలి నుంచి పెట్టెలు మారేవాళ్లకు ఆ పలకలు కనబడవు, అంతే.

జంక్షనులో నాన్నగారు మనవణ్ణి ప్లాట్‌ఫారం మీదికి దింపి ఆ పనంతా దగ్గరుండి చూపించారు. బ్రేకు గొట్టంలో గాలి పోతే బ్రేకులు వాటంతటవే పడతాయని, అందుకే దారిలో పెట్టెలు తెగిపోయినా ఆగిపోతాయని వివరించారు. కట్టుకున్న భార్యను కళ్లెదుటే విప్పేస్తుంటే అంత శ్రద్ధగా పాఠం చెప్పిన భర్త ఇంకొకరు ఉండరు.

కాసేపటికి అన్నయ్య ఫోను మోగింది. "టీసీగారు టికెట్లు అడుగుతున్నారు, నాన్నగారిని పంపించు" అంది అమ్మ. అన్నయ్య తానే తీసుకెళ్దామని వెనక్కి నడిచాడు. వెళ్లినంత వేగంగానూ తిరిగొచ్చాడు.

"నాన్నగారూ, మన వెనక రైలు లేదు."

నాన్నగారు నిమ్మళంగా ఫోను అందుకున్నారు. "టికెట్లు నా దగ్గర భద్రంగా ఉన్నాయి, టీసీగారిని కంగారుపడవద్దని చెప్పు."

వదిన జరిమానా కట్టింది. వాళ్లు అవతలి ఊళ్లో దిగి, చెట్టు నీడ చూసుకుని, అందరి భోజనమూ తిని, ఓ కునుకు తీసి, మాకంటే ముందే ఇల్లు చేరారు. మేము నగరం చూశాం. ఖాళీ కడుపుతో ఎంత కనబడితే అంత.

జరిమానా ఎవరి ఖాతాలో రాయాలో ఇప్పటికీ తేలలేదు. నగరానికి వెళ్లిందే అసలు రైలని, వెనకది తెగిన ముక్క మాత్రమేనని నాన్నగారి వాదన.

"ముక్కయితే మాకు కొత్త ఇంజను ఎందుకిచ్చారు? మీకు పాతదేగా" అంటుంది అమ్మ.