జాడ లేదమ్మా

బట్టల కొట్టులో ఇరవై రెండేళ్లుగా పట్టుచీరల బేళ్లు ఎత్తీ దించీ నా గజ్జల్లో ఒక బుడిపె లేచింది. దగ్గితే బయటికొచ్చేది, పడుకుంటే లోపలికి పోయేది. మా ఇంటికొచ్చే కొందరు చుట్టాల కంటే ఇదే నయం, పడుకోగానే వెళ్లిపోతోంది కదా అని కొన్నాళ్లు ఊరుకున్నాను. డాక్టరు గారు చూసి హెర్నియా అన్నారు. కండ పలచబడ్డ చోట పేగు తోసుకొస్తోందట, లోపల వల పెట్టి కుట్టాలట. వల అనగానే గోపాల్‌పూర్ జాలర్లు గుర్తొచ్చి హడలిపోయాను. చూపిస్తే అది దోమతెర ముక్కంత ఉంది. మూడు రోజులు ఆస్పత్రిలో పడుకోవాలన్నారు. నిజం చెప్పొద్దూ, లోలోపల సంతోషించాను. పెళ్లయ్యాక వరుసగా మూడు రోజులు పడుకున్న జ్ఞాపకం లేదు నాకు.

మా బరంపురం సంగతి కాస్త చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మేం ఒడిశాలో పడ్డాం, పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇచ్ఛాపురం మద్రాసు వైపు ఉండిపోయింది. సరిహద్దు ఉందని కడుపునొప్పి ఆగదు కదా. అటు ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వాళ్లు విశాఖ దాకా పోలేక మా ఊరి బస్సెక్కుతారు. వాళ్లకి ఒడియా రాదు. నర్సులేమో గంజాం జిల్లా లోపలి పల్లెల పిల్లలు, వాళ్లకి తెలుగు రాదు. మధ్యలో మాలాంటి వాళ్లం ధర ఒడియాలో చెప్పి, బేరం తెలుగులో ఆడి, చిల్లర హిందీలో ఇచ్చే రకం. ఈ విద్యే నా కొంప ముంచింది.

మధ్యాహ్నానికల్లా ఆపరేషన్ అయిపోయింది. నడుముకి ఇంజెక్షన్ ఇచ్చారు కాబట్టి ఆరు గంటలు తల ఎత్తొద్దన్నారు. కాళ్లు ఉన్నాయో లేవో తెలియదు. మా ఆవిడ దుప్పటి ఎత్తి చూసి, "ఉన్నాయండీ" అని చెప్పింది. ఒంటిగంటకి సెలైన్ సీసా తగిలించారు. పనీపాటా లేదు కదా, చుక్కలు లెక్కపెట్టాను. నిమిషానికి నలభై. మిల్లీలీటరుకి 20 చుక్కలని గొట్టం ప్యాకెట్టు మీదే ఉంది. సీసా 500 మిల్లీలీటర్లు, అంటే పదివేల చుక్కలు, 250 నిమిషాలు. సాయంత్రం 5:10కి అయిపోతుందని మా ఆవిడకి ముందే చెప్పాను. సరిగ్గా అప్పుడే అయిపోయింది. అది తెలిసింది మా ఇద్దరికే.

తల దగ్గర గోడకి బెల్ ఉంది. నొక్కాను. మళ్లీ నొక్కాను. మా ఆవిడ నొక్కింది. గొట్టం కింది కొసలోంచి ఎర్రటి దారం ఒకటి మెల్లగా పైకి పాకుతోంది. నేత చీర అంచులో అయితే ఆ రంగుకి మంచి గిరాకీ ఉంటుంది, నా చేతిలోంచి వస్తుంటే మాత్రం టెన్షన్ మొదలైంది. మా ఆవిడ వరండాలోకి పరిగెత్తింది. "ఎబె ఆసుఛి" అని జవాబొచ్చింది, అంటే ఇప్పుడే వస్తున్నా అని. ఒడియాలో "ఎబె" ఎంతసేపో ఇరవై రెండేళ్ల వ్యాపారంలో నాకు తెలుసు. అరగంట తర్వాత సిస్టర్ వచ్చి, సీసా ఖాళీ అయితే రక్తం ఇంత దూరం ఎక్కి ఆగిపోతుందిలే, భయం లేదని గొట్టం కడిగింది. మరి బెల్? దానికి వైరు లేదట. పెయింట్ వేసినప్పుడు తీసేశారట. అంతసేపూ మేం గోడని నొక్కాం.

ఇద్దరు నర్సులు, ఇరవై నాలుగు బెడ్లు. ఆ పిల్లల్ని అనడానికి నాకు నోరు రాదు. యాజమాన్యాన్ని అందామంటే వాళ్లు ఎప్పుడూ కనబడరు, గోడ మీద ఫోటోలో నవ్వుతుంటారు.

పక్క బెడ్డు తాతగారిది కవిటి వైపు. ఆయనదీ నా జబ్బే, మర్నాడు ఆపరేషన్. వెంట వచ్చిన కొడుకు పొద్దున్న టీ తాగొస్తానని వెళ్లి పత్తా లేడు. రాత్రి ఎనిమిదింటికి సిస్టర్ వచ్చి తాతని అడిగింది.

"ఝాడా హెలా కి?"

ఒడియాలో ఝాడా అంటే విరేచనం. అయిందా అని అడుగుతోంది. తాత కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"జాడ నేదమ్మా. పొద్దున్ననగా ఎల్లినాడు."

ఆ పిల్లకి అర్థమయ్యే తెలుగు ముక్క ఒక్కటే, "లేదు". ఝాడా లేదు. కాగితం మీద రాసుకుని వెళ్లిపోయింది. నాకు మత్తు పూర్తిగా దిగలేదు, ఎక్కడో ఏదో తేడా కొడుతోందని తెలుస్తోంది గానీ ఏమిటో అందడం లేదు. అందేసరికి ఎనిమా ట్రే వచ్చింది, తెర లాగేశారు. తల ఎత్తకుండానే "ఆగండాగండి" అని అరిచాను, తెలుగులో. తెర వెనక తాత అంటున్నాడు, "ఇదేటమ్మా, కొడుకు కనబడకపోతే నాకిదేటి?"

పొద్దున్న డ్యూటీకి ఇంకో సిస్టర్. మళ్లీ అదే ప్రశ్న. ఈసారి తాత మొహం చాటంత అయింది.

"వచ్చేసినాడమ్మా! రాత్రి పదింటికే వచ్చేసినాడు."

ఆ పిల్ల నావైపు చూసింది. "అయిందట" అన్నాను ఒడియాలో. అబద్ధమేం కాదు, రెండూ అయ్యాయి. తర్వాత అసలు కథ చెప్పాను. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నర్సుల బల్ల దాకా నవ్వుకుంటూ పోయింది. పావుగంటలో నాకు ఉద్యోగం వచ్చింది.

"మౌసా, టికె ఆసంతు", అంటే కాస్త రండి అని, బాబాయిని పిలిచినట్టు పిలిచేవారు. అప్పుడే నడక మొదలెట్టమన్నారు కదా, సెలైన్ స్టాండు ఒక చేత్తో, పొట్ట ఒక చేత్తో పట్టుకుని బెడ్డు బెడ్డుకీ తిరిగాను. సోంపేట ఆవిడ "ఒంట్లో నలతగా ఉంది బాబూ" అంది. నలతకి ఒడియాలో మాట తట్టలేదు, ఒళ్లు బాగాలేదట అని చెప్పాను. "బాగుంటే ఇక్కడికెందుకొస్తుంది?" అంది సిస్టర్. న్యాయమే. మధ్యాహ్నానికి నలత, వికారం, నిస్త్రాణ, నీరసం నాలుగూ ఒక్కటే ఒడియా ముక్కలో పెట్టేశాను.

ఈ తిరుగుడులో జ్వరం చార్టులు చూసే భాగ్యం కలిగింది. ఇరవై నాలుగు బెడ్లకీ 98.6, పల్స్ 72. నా నోట్లో థర్మామీటర్ ఎప్పుడు పెట్టారో గుర్తులేదు. ఏడో నంబరు పేషెంటు ముందురోజే ఇంటికి వెళ్లిపోయాడు, ఖాళీ మంచానికి కూడా పల్స్ 72. మా వార్డులో అందరికంటే ఆరోగ్యంగా ఉన్నది అదే.

కార్మిక సంఘాల నాయకుడై రాష్ట్రపతి దాకా వెళ్లిన వి.వి. గిరి గారు పుట్టిన ఊరు మాది. ఆ ఊళ్లోనే ఆపరేషన్ అయిన మర్నాడు, జీతం లేకుండా, డబుల్ షిఫ్టు చేశాను. మా ఆవిడ ఫ్లాస్కు పట్టుకుని చూస్తూ నిలబడింది. "ఇంట్లో పిలిస్తే ఒక్కసారి పలికారా?" అంది, అంతే.

మూడో రోజు ఉదయం పదింటికి డిశ్చార్జ్ అన్నారు. కాగితం సాయంత్రం నాలుగున్నరకి వచ్చింది. బిల్లులో నర్సింగ్ చార్జీ మూడు రోజులకి వేశారు. అందులో నా వాటా ఎంతని అడుగుదామనుకున్నాను. మా ఆవిడ కళ్లతోనే ఆపింది.

కుట్లు విప్పించుకోడానికి పదోరోజు వెళ్లాను. టోకెన్ తీసుకుని బల్ల మీద కూర్చున్నామో లేదో, లోపల్నుంచి "మౌసా ఆసిగలే!" అని కేక. ఇద్దరు సిస్టర్లు నవ్వుకుంటూ ఎదురొచ్చారు. ఎంత బాగా చూసుకుంటున్నారో అనుకుని చొక్కా పైకెత్తబోయాను. కుట్ల వైపు ఎవరూ చూడలేదు. చెయ్యి పట్టుకుని నేరుగా తొమ్మిదో బెడ్డు దగ్గరికి తీసుకెళ్లారు. ఒక ముసలావిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

మా ఆవిడ సంచీ ఒళ్లో పెట్టుకుని వెనక్కి వాలి కూర్చుంది. నేను స్టూలు లాక్కున్నాను.

"ఏటమ్మా, ఏటయింది?"