హన్మకొండకు హమ్మింగ్‌బర్డ్ రాలేదు

"అమెరికా హమ్మింగ్‌బర్డ్ మన హన్మకొండకు వచ్చింది. ప్రపంచంలోనే అతి చిన్న పక్షి. గూడు కనిపిస్తే ఇంట్లోకి తెచ్చుకుని పిట్ట పిల్లలకు చక్కెర నీళ్లు పట్టండి, అదృష్టం" అనే మెసేజ్ రెండు ఫోటోలతో, రెండోది "కొత్త జాతి" అంటూ, మళ్లీ తిరుగుతోంది. బాగా చదువుకున్నవాళ్లే పంపుతున్నారు. ఇక ఊరుకోలేను.

మొదటి ఫోటోలో ఉన్నది తేనెపిట్ట (పర్పుల్ సన్‌బర్డ్). భద్రకాళి చెరువు కట్ట మీదా, మందార చెట్టున్న వాకిళ్లలోనూ రోజూ తిరిగేదే. హమ్మింగ్‌బర్డ్‌లు ఉత్తర, దక్షిణ అమెరికాల్లో తప్ప ఇంకెక్కడా బతకడం లేదు. వాటికి దగ్గరి చుట్టాలు స్విఫ్ట్‌లనే వేగంగా ఎగిరే పక్షులు. తేనెపిట్ట మాత్రం కాకి, పిచ్చుక ఉన్న పాసెరిఫార్మిస్ క్రమంలోది. పువ్వుల్లో తేనె తాగే బతుకు వల్ల రెండింటికీ ముక్కు అలా సన్నగా సాగింది, అంతే.

"పువ్వు ముందు గాల్లో నిలబడింది కదా" అంటారు. నిజమే, నిలబడుతుంది. కాసేపే. కొమ్మ ఆసరా దొరికితే దాని మీద వాలే తాగుతుంది. అయినా పోలిక చూసి పొరబడినవాళ్లను తప్పుపట్టను. 1790లో పక్షి శాస్త్రవేత్త జాన్ లేథమ్ కూడా ఈ తేనెపిట్టకు శాస్త్రీయ నామం పెడుతూ, చెట్ల మానుల మీద పాకే పక్షులుండే సెర్థియా అనే ప్రజాతిలో చేర్చాడు.

అతి చిన్న పక్షి క్యూబాలో ఉంది, బరువు దాదాపు 2 గ్రాములు. ఇది కాదు.

రెండో ఫోటోలో పసుపు పొట్ట మీద నల్ల గీత ఉన్నది "కొత్త జాతి" కూడా కాదు. అది మగ తేనెపిట్టే. జత కట్టే కాలంలో నీలి ఊదా రంగులో మెరుస్తుంది, ఆ కాలం దాటాక ఈకలు మార్చుకుని ఇలా అవుతుంది.

ఇక గూడు సంగతి. ఎవరికి వచ్చిందండీ ఈ ఆలోచన? సాలెగూడు దారాలతో, ఎండుటాకు ముక్కలతో ఆడపిట్ట ఒక్కటే కష్టపడి అల్లుతుంది. సుమారు రెండు వారాలు ఒక్కటే పొదుగుతుంది. పిల్లలు పుట్టాక తల్లీ తండ్రీ పురుగుల్నీ, సాలీళ్లనూ తెచ్చి పెడతాయి. ఒళ్లు పెరగాలన్నా, ఈకలు రావాలన్నా ఆ మాంసకృత్తులే కావాలి. చక్కెర నీళ్లలో ఏముంది? బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తాయి. గూడు మీ హాల్లో ఉంటే తల్లి ఎలా వస్తుంది? అదృష్టం పేరు చెప్పి పసికూనల్ని ఆకలితో చంపించే మెసేజ్ ఇది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం గూడు కదిలించడాన్ని కూడా వేట కిందే లెక్కిస్తుంది.

మీ బాల్కనీలో బట్టల తీగకు గూడు వేలాడుతుంటే, పిల్లలు ఎగిరిపోయేదాకా బట్టలు వేరేచోట ఆరేసుకోండి. పిట్ట పిల్ల కిందపడితే మెల్లగా తీసి మళ్లీ గూట్లో పెట్టండి, మనిషి ముట్టుకున్నాడని తల్లి వదిలేయదు. ఈ మెసేజ్ ఫార్వర్డ్ చేసినవాళ్లు, గూడు తెచ్చుకోమన్న మాట తప్పని అదే గ్రూపులో ఈ రోజే రాయండి.