చీరల ఫంక్షన్‌కు పిలిచినట్టే టీకాకూ పిలుద్దాం

పోయిన డిసెంబర్‌లో అమెరికాలోని మన తెలుగు సంఘం సేవా కార్యక్రమాల్లో భాగంగా నల్గొండ జిల్లా చండూరు వైపు ఒక ఊరి హైస్కూల్లో పెట్టిన హెల్త్ క్యాంపులో నా టేబుల్ తీయించేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి తెలుగులో వేయించిన కరపత్రాలు, బొమ్మలున్న ఒక చార్టు, అంతే దాని మీదున్నవి. "అమ్మా, సర్పంచ్ గారు వస్తున్నరు, ఫొటోలు దిగుతరు. ఆ బొమ్మలు లోపల పెట్టు" అన్నారు కమిటీ పెద్దాయన. ఆయన చెడ్డవారు కాదు. సొంత డబ్బుతో ఆ బడికి తాగునీళ్ల ప్లాంటు పెట్టించిన మనిషి. ఫ్లోరైడ్‌తో వంకర తిరిగిన కాళ్లను చూస్తూ పెరిగిన మన నల్గొండ వాళ్లకు అదెంత పెద్ద పనో చెప్పక్కర్లేదు. అందుకే ఆయన నోటి నుంచి ఆ మాట రావడం మరీ గుచ్చుకుంది.

నేను అమెరికాలో నర్సింగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా పరిశోధన ఆడవాళ్ల లైంగిక ఆరోగ్యం మీద. మా అమ్మ చుట్టాలకు "క్యాన్సర్ మీద చదువుతుంది" అని చెప్పి మాట మారుస్తుంది. నర్సుకు డాక్టరేట్ ఎందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. డాక్టర్ ముందు నోరు విప్పని సంగతి ఆడవాళ్లు నర్సుకు చెప్పుకుంటారు, అందుకు.

ఆ మధ్యాహ్నం బీపీ చూసే దగ్గర కూర్చున్నాను. యాభైకి దగ్గరపడ్డ ఒకామె వచ్చింది. పత్తి ఏరి ఏరి వేళ్ల కొసలు గీరుకుపోయి ఉన్నాయి. నడుము నొప్పి అంది. చేతికి పట్టీ చుట్టి గాలి కొడుతుంటే నా మీదికి వంగి, "తెల్లబట్ట అయితాంది బిడ్డా, వాసనొస్తది. శాన రోజుల సంది" అంది. ఎవరికన్నా చూపించుకున్నావా అమ్మా అంటే తల అడ్డంగా ఊపింది. "చూపిస్తే సంచి తీసేస్తమంటరు. మా తోడికోడలికి గట్లనే తీసిన్రు." వెనక లైన్లో ఆమె కొడుకు ఉన్నాడు. అతను దగ్గరికి రాగానే మళ్లీ నడుము నొప్పి మాటే ఎత్తుకుంది. పెద్దాసుపత్రికి చీటీ రాసి చేతిలో పెట్టాను. వెళ్లిందో లేదో తెలియదు.

ఆమె భయం ఊరికే పుట్టలేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే ముందున్నాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్‌ను అడ్డుకునే టీకా మీద అనుమానమూ అంతే. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన పిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ కార్యక్రమం ఆగింది, తర్వాత పార్లమెంటు స్థాయీ సంఘం తప్పుపట్టింది. టీకా వేయించుకున్న పిల్లల్లో కొందరు చనిపోగా, ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలినా, అడక్కుండా వేశారన్న మాట జనంలో ఉండిపోయింది. ఆ కోపం న్యాయమైనదే. విడమరిచి చెప్పకపోతే ఆ అనుమానం ఎప్పటికీ పోదు.

ఇలాంటివి నలుగురిలో మాట్లాడకపోవడమే మన సంస్కారం అంటారు. మరి పిల్ల పెద్దమనిషైతే ఫంక్షన్, చీర కట్టిస్తే ఫంక్షన్, పిల్లాడికి ధోతి ఫంక్షన్. ఊళ్లో అయితే ఫ్లెక్సీలు, యాట కూర భోజనాలు. డాలస్‌లో, న్యూజెర్సీలో హాలు, డ్రోన్ వీడియో. ఆ వేడుకంటే నాకు ప్రాణం. మా మేనమామ మిర్యాలగూడ నుంచి తెచ్చిన ఆకుపచ్చ పట్టుచీర ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. బిడ్డ ఎదిగిందని దాచుకోకుండా అందరినీ పిలిచి అక్షింతలు వేయించే మనం, ఎదిగిన ఆ ఒంటిని ఎట్లా కాపాడుకోవాలో మాత్రం చెప్పం. నాకూ ఎవరూ చెప్పలేదు.

సరిగ్గా ఆ వయసే హెచ్‌పీవీ టీకా వయసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు వేయించమంటోంది. అమెరికాలో 2011 నుంచి మగపిల్లలకు కూడా వేయించమంటున్నారు. వైరస్ సోకక ముందు వేస్తేనే బాగా పనిచేస్తుంది కాబట్టి ఆ వయసు; పిల్లలకు లేనిపోని ఆలోచనలు నేర్పడానికి కాదు. మన పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన హెచ్‌పీవీ టీకా సర్వావాక్‌కు 2022లో అనుమతి వచ్చింది.

చీర కొనే అమ్మలూ, మేనమామలూ, ఆ నెలలోనే పిల్లలను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఈ డిసెంబర్ క్యాంపు నాగర్‌కర్నూల్ వైపు అనుకుంటున్నారట. కమిటీ పెద్దలను నేను అడిగేది లోపల గొళ్లెం పడే ఒక గది. కిటికీలకు దుప్పట్లు కడదాం, ఊరి ఆశా వర్కర్‌ను కూర్చోబెడదాం, ఫొటోలు వద్దు. కొడుకులూ భర్తలూ బయట లైన్లోనే ఉంటారు. నర్సులను నేను కూడగడతాను, గది మీరు ఇప్పించండి.