నీళ్ల కమిటీ అధ్యక్ష పదవికి ఒక అభ్యర్థి

మా అపార్ట్‌మెంట్ నీళ్ల కమిటీకి ఈసారి అధ్యక్షుడిగా మూత్రపిండాన్ని ఎన్నుకోవాలని ఇందుమూలంగా ప్రతిపాదిస్తున్నాను. నవ్వకండి. గత మూడేళ్లలో ఎన్నుకున్నవాళ్లకంటే అర్హతలు ఎక్కువే ఉన్నాయి.

మాది బెంగళూరు మారతహళ్లి పక్కన 120 ఫ్లాట్ల సముదాయం. సగం మంది మనవాళ్లే, కాబట్టి గొడవలు కూడా శుద్ధ తెలుగులోనే జరుగుతాయి. రాత్రి పదకొండింటికి ట్యాంకరు వస్తుంది. సెక్రటరీ గారు లుంగీ ఎగ్గట్టి, ఫోను టార్చి వేసి సంపు అంచున కూర్చుంటారు. వాచ్‌మన్ గీతలు గీసిన వెదురుకర్రను లోపలికి దించి తీస్తాడు. డ్రైవరు లెక్క పన్నెండు వేల లీటర్లు. కర్ర లెక్క తొమ్మిదిన్నర. "కర్ర అబద్ధమాడదు సార్" అంటాడు వాచ్‌మన్. "కర్ర సరిగ్గానే ఉందన్నా, మీ సంపే వంకరగా కట్టారు" అంటాడు డ్రైవరు. డబ్బు మాత్రం పన్నెండు వేలకే ఇస్తాం.

ఇక మన అభ్యర్థి సంగతి. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్లు వడపోస్తాయి. ఒంట్లో ఉన్న రక్తద్రవమే (ప్లాస్మా) మూడు లీటర్లు. అంటే అదే నీటిని రోజుకు అరవైసార్లు తోడి, వడకట్టి, తిరిగి లోపలికి పంపడమన్నమాట. బయటికి పోయేది లీటరున్నర. మాకూ ఎస్టీపీ, అంటే మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు, ఉంది. అందులో శుద్ధి అయిన నీళ్లు ఫ్లష్‌లోకి వస్తే, ఫ్లష్ చేశారా లేదా అని చుట్టాలు అనుమానపడతారు. కిడ్నీ శుద్ధి చేసిన నీళ్లు నేరుగా రక్తంలోకి వెళ్తాయి. ఇంతవరకు వాట్సాప్ గ్రూపులో ఒక్క ఫిర్యాదు లేదు.

ఈ పనికి అది వాడే కిటుకు మన అమ్మమ్మలకు తెలిసినదే. మాగాయకు ముక్కలు తరిగి ఉప్పు కలిపి జాడీలో పెడితే మూడోనాటికి ఊట తేలుతుంది కదా, ఉప్పు నీటిని లాగుతుంది. కిడ్నీ లోపలి పొర అచ్చం ఆ జాడీయే. రక్తంకంటే నాలుగు రెట్ల చిక్కదనం దాకా అక్కడ ఉప్పూ యూరియా పేరుకుంటాయి. ఆ ఉప్పు చేర్చే యంత్రం 1862లో హెన్లీ అనే జర్మన్ వర్ణించిన మెలిక. మన బడిపుస్తకాల్లో దాన్ని 'హెన్లీ శిక్యం' అన్నారు. శిక్యం అంటే ఉట్టి. పదో తరగతిలో ఈ ముక్క ఎవరైనా చెప్పి ఉంటే నాకు మరో రెండు మార్కులు వచ్చేవి. ఉట్టిలో దిగే గొట్టం నీటిని వదులుతుంది. ఎక్కే గొట్టం ఉప్పును బయటికి తోడేస్తుంది గానీ నీటిని కదలనివ్వదు. ఎదురెదురుగా సాగే ఈ రెండు ప్రవాహాల వల్ల లోతుకు పోయేకొద్దీ ఉప్పదనం పెరుగుతుంది. చివరికి మూత్రం మోసుకెళ్లే సంగ్రహణ నాళం ఆ జాడీ మధ్యనుంచే పోవాలి. నాళం గోడకు నీటి తలుపులు ఉంటే నీళ్లన్నీ వెనక్కి. లేకపోతే అన్నీ బాత్‌రూమ్‌కి.

ఆ తలుపులే ఆక్వాపోరిన్‌లు. వాటిని కనిపెట్టినందుకు పీటర్ ఆగ్రేకి 2003లో నోబెల్ వచ్చింది. మా వాల్వులు తిప్పేవాడికి జీతమే సరిగ్గా రాదు. తలుపులు పెట్టమనే ఆర్డరు మెదడునుంచి వాసోప్రెస్సిన్ అనే హార్మోన్ రూపంలో వస్తుంది. రక్తం ఒకటి రెండు శాతం చిక్కబడితే చాలు, సర్క్యులరూ లేదు, కోరమూ లేదు, పని మొదలు. రెండు బాటిళ్లు తాగారా, ఆర్డరు రద్దు. శుక్రవారం రాత్రి కోరమంగళలో బీరు తాగితే ఆ ఆర్డరే ఆగిపోతుంది, వాల్వు దగ్గర మనిషికే మందు పోయించినట్టు. అందుకే అక్కడ బిల్లు కౌంటరుకంటే వాష్‌రూమ్ దగ్గర క్యూ పొడుగు.

లోపం దాచను. అభ్యర్థి నీటిని పొదుపు చేయగలదు గానీ పుట్టించలేదు. ఎంత బిగబట్టినా రోజుకు అరలీటరైనా వదలాల్సిందే, లేకపోతే చెత్త ఒంట్లోనే ఉండిపోతుంది. 2024 మార్చిలో తాగునీటితో కార్లు కడిగితే ఐదు వేల జరిమానా అన్న ఊరిది. ఆ అక్టోబరులోనే కావేరి తాగునీటి పథకం ఐదో దశ ప్రారంభించుకుని, వంద కిలోమీటర్ల దూరంనుంచి ఇంకో 77.5 కోట్ల లీటర్లు రోజూ కొండెక్కించుకుందామని లెక్క వేసుకున్న ఊరిది. ఇక్కడ "పుట్టించలేను" అనేవాడికి ఓట్లు పడతాయా?

పైగా ఓటరుగా నా నడవడిక కూడా అంతంతమాత్రమే. పొద్దున్నే ఒక కాఫీ తాగి బయల్దేరతాను. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే వాష్‌రూమ్ దొరకదని మధ్యాహ్నందాకా నీళ్లు ముట్టను. ఆఫీసు వాష్‌రూమ్‌లో చూసుకుంటే నువ్వులనూనె రంగు. ఎదురుగా గోడమీద స్టిక్కరు: నీటిని ఆదా చేయండి.

అయినా ఆదివారం జనరల్ బాడీలో ప్రతిపాదన పెట్టాను. 120 మందికి తొమ్మిది మంది వచ్చారు. ఫ్లాటు ఎవరి పేరుమీద ఉందని అడిగారు సెక్రటరీ గారు. ఎవరి పేరుమీదా లేదు, ఒకరి ఒంట్లో ఉంటుంది అన్నాను. "అంటే అద్దెకున్నట్టే కదండీ, అద్దెవాళ్లు పోటీ చేయకూడదని బైలాస్‌లో ఉంది" అన్నారు. నేను జవాబు చెప్పేలోపు గేటు దగ్గర హారన్ మోగింది. ఆయన లుంగీ ఎగ్గట్టుకుంటూ లేచారు, వాచ్‌మన్ కర్ర వెతుక్కుంటూ పరిగెత్తాడు.