ఒకే వైన్, రెండు సీసాలు: తేడా బిరడా దగ్గరే

1999లో ఆస్ట్రేలియన్ వైన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఒక ప్రయోగం మొదలుపెట్టింది. క్లేర్ వ్యాలీలో తయారైన సెమియాన్ ద్రాక్ష వైన్‌ను సీసాల్లో నింపి, 14 రకాల మూతలు బిగించి పక్కన పెట్టింది. సీసాల్లో పోసింది ఒకే వైన్. ఏళ్లు గడిచాక ఆ సీసాల్ని వరసగా నిలబెట్టి తీసిన ఫొటో వైన్ లోకమంతా తిరిగింది. స్క్రూ క్యాప్, అంటే తిప్పి తీసే లోహపు మూత, పెట్టిన సీసాలో వైన్ ఇంకా లేత పసుపుగానే ఉంది. కొన్ని ప్లాస్టిక్ బిరడాల కింద మాత్రం డికాక్షన్ రంగుకు తిరిగిపోయింది.

ఒకే లేబుల్, ఒకే ఏడాది సీసాలు రెండు కొంటే ఒకటి అద్భుతంగా, ఇంకోటి చప్పగా ఎందుకుంటుందో అర్థం కావాలంటే ఈ ఫొటో చూస్తే చాలు. తాగేవాళ్లు తమ నాలుకను అనుమానిస్తారు, లేదంటే తయారీదారును తిట్టుకుంటారు. నా లెక్కలో ముందు అనుమానించాల్సింది బిరడానే.

కార్క్ అంటే చెట్టు బెరడు. సగం దాకా పోర్చుగల్ నుంచే వస్తుంది. చెట్టుకు పాతికేళ్లు వచ్చాక మొదటిసారి, ఆపైన తొమ్మిదేళ్లకోసారి బెరడు ఒలుస్తారు. ఒకే చెట్టు బెరడులోంచి కోసిన రెండు బిరడాలు కూడా ఒకేలా ఉండవు. ఒకటి గాలిని బాగా ఆపుతుంది, పక్కది కొద్దికొద్దిగా లోపలికి వదులుతుంది, ఆ గాలికి వైన్ త్వరగా ముదిరిపోతుంది. ఐదారేళ్లు నిల్వ ఉంచే వైన్‌లో ఆ కొద్ది తేడానే పెద్దదవుతుంది. 1990ల మధ్య నాటి, ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతపు తెల్ల వైన్లు కొన్ని రావాల్సిన వయసు కంటే చాలా ముందే ముదిరిపోయాయి. అదే కేసులో, అంటే ఒకే పెట్టెలో, పక్క సీసా బాగానే ఉండటం కొన్నవాళ్లను ఇంకా అయోమయంలో పడేసింది. దానికి కారణాలు చాలానే చెప్పారు కానీ, ఒకే కేసులో సీసాకీ సీసాకీ తేడా వస్తే వేలు ముందుగా బిరడా వైపే చూపిస్తుంది.

రెండో సమస్య టీసీఏ అనే రసాయనం. కార్క్‌లో ఉండే బూజు, క్లోరిన్ సంబంధ పదార్థాలు కలిసి దీన్ని పుట్టిస్తాయి. లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా చాలు, తడిసిన అట్టపెట్టె వాసన వచ్చేస్తుంది. అలా వస్తే నయమే, సీసా పాడైందని తెలిసిపోతుంది. అంతకంటే తక్కువ మోతాదులో ఉంటేనే అసలు అన్యాయం. చెడు వాసనేమీ రాదు, పండు పరిమళం మాత్రం అణిగిపోతుంది. తాగినవాళ్లు ‘ఈ వైన్ ఇంతేలే’ అనుకుని మళ్లీ కొనరు. ఏడాదంతా తోటలో కష్టపడ్డ రైతుకు తన తప్పు లేకుండానే చెడ్డపేరు.

నింపేటప్పుడు కొన్ని సీసాలు తీసి రుచి చూస్తే సరిపోదా అంటారా? సరిపోదు. ప్రతి బిరడా వేరు కాబట్టి పది సీసాలు బాగున్నాయని పదకొండోదానికి హామీ ఇవ్వలేం. అందుకే పోర్చుగల్‌కు చెందిన అమోరిమ్ సంస్థ 2016లో ఒక్కో బిరడాను విడిగా యంత్రంతో పరీక్షించే పద్ధతి తెచ్చింది. క్లేర్ వ్యాలీలో రీస్లింగ్ ద్రాక్ష వైన్ తయారీదారులు 2000లోనే కలిసికట్టుగా స్క్రూ క్యాప్‌కు మారారు. మరుసటి ఏడాది న్యూజిలాండ్‌లోనూ అదే ఉద్యమం మొదలైంది. స్క్రూ క్యాప్‌కూ ఇబ్బందులున్నాయి. గాలి మరీ తక్కువగా అందితే కొన్ని వైన్లలో కాల్చిన అగ్గిపుల్ల వాసన వస్తుంది. అయినా అది సీసాకో రకంగా జరిగే జూదం కాదు, తయారీలోనే సరిదిద్దుకోవచ్చు. ఖరీదైన వైన్‌కు కార్కే ఉండాలన్న పట్టుదల నాకు ఏమాత్రం నచ్చదు. ఎక్కువ డబ్బిచ్చినవాడికే ఎక్కువ రిస్క్ అంటగట్టడం ఏం న్యాయం?

ఇక వేడి సంగతి. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో ఏసీ లేని గోదాములో పడున్న సీసాకు బిరడా ఎంత మంచిదైనా లాభం లేదు. వేడికి వైన్ వ్యాకోచించి బిరడాను పైకి నెడుతుంది, ఆ సందుల్లోంచి కారుతుంది. కొనేముందు సీసా మెడ దగ్గర జిగట మరకలున్నాయేమో, బిరడా పైకి పొడుచుకొచ్చిందేమో చూడండి.

రెస్టారెంట్‌లో ముందుగా గ్లాసులో కాస్త పోసి ఆగేది సీసా చెడిపోయిందో లేదో మీరు చూస్తారని. వాసనలో తేడా అనిపిస్తే మొహమాటం వద్దు, ఇంకో సీసా తెమ్మనండి. రెండూ పక్కపక్కన పెట్టి వాసన చూస్తే సందేహం అక్కడికక్కడే తీరిపోతుంది.